తరుగు లెక్క

(గుంటూరులో ఒక డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర విభాగం ఆదివారం సాయంత్రం ఏర్పాటు చేసిన సభలో, ఫోటానిక్స్‌లో పరిశోధన చేస్తున్న పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు ఇంకాస్త దగ్గర పెట్టుకోమంటున్నారు మాస్టారు. వెనక వరుసకు వినిపిస్తోందా? సరే.

నన్ను పరిచయం చేస్తూ "క్వాంటం కంప్యూటర్లు తయారుచేసే అమ్మాయి" అన్నారు. అది కాస్త ఎక్కువ చెప్పినట్టే. నేను ఏం చేస్తానో మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికి నాలుగేళ్లు పట్టింది. ఆయన మిర్చి రైతు. మూడో వరుసలో కూర్చున్నారు, లేచి నిలబడమంటే లేవరు, మొహమాటం. ఒక సంక్రాంతికి ఇంటికొస్తే అడిగారు, "పొద్దస్తమానం ఆ చీకటి గదిలో ఏం చేస్తావమ్మా" అని. "వంద ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, ఇటు నుంచి పంపిస్తాను నాన్నా. అటు ఎన్ని చేరాయో లెక్కపెడతాను. ఎక్కడ తగ్గాయో వెతుకుతాను" అన్నాను. "ఓస్, తరుగు లెక్కేగా" అన్నారు.

ఆ మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది. కల్లంలో కాయ ఆరబోస్తే తేమ పోయి బరువు తగ్గుతుంది. టిక్కీల్లోకి ఎత్తేటప్పుడు కొంత రాలుతుంది. బండి మీద కొంత, కాటా దగ్గర కొంత. ఇంట్లో వేసుకున్న లెక్కకూ చేతికొచ్చిన చీటీకీ పొంతన ఉండదు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు తరుగు అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. నా ఈ గంట ప్రసంగం ఆ ఒక్క మాట మీదే. కాంతితో క్వాంటం కంప్యూటర్ కట్టడంలో పెద్ద అడ్డంకి తరుగే. మిగతా అడ్డంకుల్లో చాలా వాటికి దారులు దొరికాయి.

ముందు ఫోటాన్ ఎంత చిన్నదో చూద్దాం. నా చేతిలో ఉన్నది ఎర్ర లేజర్ పాయింటర్, ఒక మిల్లీవాట్. దీన్నుంచి సెకనుకు సుమారు 33 కోట్ల కోట్ల ఫోటాన్లు వస్తున్నాయి. ఇందులో వంద పోతే ఎవరికీ తెలియదు. వెయ్యి కోట్లు పోయినా తెలియదు. మా పనిలో మాత్రం ఒక్కో ఫోటాన్ మీద ఒక్కో సమాచారపు ముక్క ఉంటుంది. అది పోతే లెక్కలో ఒక అంకె మాయమైనట్టే.

ఆ సమాచారాన్ని ఎలా ఎక్కిస్తారు? అందుకే ఈ మూడు పోలరాయిడ్ ముక్కలు తెచ్చాను. ముందు వరుస నుంచి అటు తిప్పండి, మళ్లీ నాకు ఇచ్చేయాలి. మొదటి ముక్క నిలువుగా కంపించే కాంతినే వదులుతుంది. రెండోదాన్ని అడ్డంగా తిప్పి దానిమీద పెట్టండి, చీకటి. నిలువుగా వచ్చిన కాంతి అడ్డం గేటులో పట్టదు. ఇప్పుడు మూడో ముక్కను ఆ రెండింటి మధ్య ఏటవాలుగా, 45 డిగ్రీల్లో దూర్చండి. వెలుగు మళ్లీ వస్తుంది! ఉన్న రెండు తలుపులకు మూడో తలుపు అదనంగా వేస్తే దారి తెరుచుకోవడం ఏమిటి? మొదటి ముక్క దాటిన కాంతిలో నాలుగో వంతు బయటికొస్తుంది. కారణం ఇదీ: మధ్య ముక్క ఫోటాన్‌ను "నువ్వు ఏటవాలా, కాదా" అని అడిగింది. దాటినవి ఏటవాలుగా మారిపోయాయి. ఏటవాలు అంటే నిలువూ అడ్డమూ రెండూ సగం సగం కలిసిన స్థితి. కాబట్టి చివరి గేటులో సగానికి దారి దొరికింది. నిలువును సున్నా అనుకోండి, అడ్డాన్ని ఒకటి అనుకోండి, ఏటవాలు ఆ రెండూ కలిసినది. అదే క్యూబిట్, క్వాంటం కంప్యూటర్ వాడే అంకె. దీనికి గది చల్లబరచక్కర్లేదు, కోట్లు పెట్టి యంత్రం కొనక్కర్లేదు. పాత ఎల్‌సీడీ తెర పాడైతే పారేయకండి, ముందొక పోలరాయిడ్ పొర, వెనకొక పొర ఉంటాయి.

ఇక సగం అద్దం సంగతి. రాత్రి పూట బెజవాడ నుంచి గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే బయట పొలాలూ కనిపిస్తాయి, అద్దంలో మన మొహమూ కనిపిస్తుంది. మామూలు కిటికీ అద్దం కాంతిలో నూటికి ఎనిమిది పాళ్లు వెనక్కి కొడుతుంది, మిగతాది వదిలేస్తుంది. మా బల్ల మీద ఉండేది సగానికి సగం. మరి ఒకే ఒక్క ఫోటాన్ వస్తే? అద్దం దాన్ని రెండు ముక్కలు చేయలేదు. 1986లో ఫ్రాన్స్‌లో గ్రాంజియే, రోజే, ఆస్పె అనే ముగ్గురు ఈ ప్రయోగం చేశారు. ఇటో డిటెక్టరు, అటో డిటెక్టరు, ఫోటాన్ తగిలితే మోగేవి. రెండూ ఒకేసారి మోగడం దాదాపు కనిపించలేదు. అటైనా వెళ్తుంది, ఇటైనా వెళ్తుంది. అదే ఫోటాన్‌కు ఆ రెండు దారులనూ మళ్లీ కలిపి చూస్తే తరంగంలా చారలు కడుతుంది. ఆ ఆస్పెకే 2022లో నోబెల్ వచ్చింది, వేరే ప్రయోగాలకు.

ఇప్పుడు ఒక సగం అద్దానికి రెండు వైపుల నుంచీ రెండు ఫోటాన్లు పంపుదాం. నన్ను ఈ రంగంలోకి లాగింది ఈ ప్రయోగమే, అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. రెండూ అచ్చంగా ఒకేలా ఉండాలి. రంగు, కంపన దిశ, అద్దానికి చేరే క్షణం, ఏదీ తేడా ఉండకూడదు. జరగగలిగినవి నాలుగు. రెండూ దూసుకుపోవచ్చు. రెండూ వెనక్కి తగలవచ్చు. ఒకటి దూసుకుపోయి రెండోది వెనక్కి రావచ్చు, ఇది రెండు రకాలు. మొదటి రెండు సందర్భాల్లోనూ చివరికి కనిపించేది ఒకటే: ఈ వైపు ఒకటి, ఆ వైపు ఒకటి. ఏది ఏదో చెప్పే గుర్తు లేదు కదా, రెండూ అచ్చుగుద్దినట్టున్నాయి. క్వాంటం లెక్కలో గుర్తుపట్టలేని దారులను ముందు కూడాలి, తర్వాతే వర్గం చేయాలి. ఒక దారికి ప్లస్ గుర్తు, ఇంకో దారికి మైనస్. రెండూ కొట్టుకుపోతాయి. అంటే రెండు ఫోటాన్లూ చెరో వైపు పోవడం అనేదే జరగదు. ఎప్పుడూ జంటగా, ఇటైనా అటైనా కలిసే పోతాయి. 1987లో అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో హాంగ్, ఊ, మాండెల్ చూపించారు దీన్ని. ఇప్పుడు మా రంగంలో కొత్తగా చేరిన ఎవరినైనా "ముందు హాంగ్-ఊ-మాండెల్ డిప్ తెచ్చి చూపించు" అంటారు. డిప్ అంటే గుంట: ఫోటాన్లు రెండూ ఒకేసారి చేరినచోట రెండు వైపుల డిటెక్టర్లూ కలిసి మోగడం పడిపోతుంది, గ్రాఫ్‌లో గుంట కనిపిస్తుంది.

ఇలా కలిసి ఉండటానికి ఇష్టపడే కణాలకు బోసాన్లని పేరు, మన సత్యేంద్రనాథ్ బోసు పేరు మీద. 1924లో ఢాకా నుంచి ఆయన ఐన్‌స్టీన్‌కు తన వ్యాసం పంపిస్తే, ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి మార్చి అచ్చువేయించాడు. అది అందరికీ తెలిసిన కథే. తెలియనిది మన పక్క కథ. కృష్ణా జిల్లా మనిషి సూరి భగవంతం గారు, సి.వి. రామన్ గారితో కలిసి 1931లో ఫోటాన్‌కు స్పిన్ ఉందని ప్రయోగంతో చూపిన వ్యాసం రాశారు. నిలువు, అడ్డం, ఏటవాలు అని ఇందాక చెప్పుకున్నదంతా ఆ స్పిన్ సంగతే. మన పిల్లల పుస్తకాల్లో ఆ పేరు ఎందుకు లేదో నాకు తెలియదు. ఉండాలి.

సరే, నా డిప్ కథ. కొత్తగా చేరాను. 775 నానోమీటర్ల లేజరును ఒక స్ఫటికంలోకి పంపితే, ఎప్పుడో ఒకసారి ఒక ఫోటాన్ రెండుగా చీలి 1550 నానోమీటర్ల జంట పుడుతుంది. కవలలన్న మాట. ఒకటి దొరికితే రెండోది ఉందని కబురు అందినట్టే. ఆ రెండింటినీ సగం అద్దం దగ్గరికి ఒకేసారి చేర్చాలి. రెండు దారుల పొడవులో తేడా వెంట్రుక మందాన్ని మించకూడదు. చేర్చాను. డిప్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. మూడు వారాలు. సరిచేసిన అద్దాన్నే మళ్లీ సరిచేశాను. స్ఫటికం పాడైందన్నాను. లెక్క తప్పన్నాను. ఒకరోజు ఏసీని కూడా తిట్టాను. నాలుగో వారం మా సీనియర్ వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఫైబర్ కనెక్టర్ ఊడదీసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. నలక! ఫైబర్‌లో కాంతి నడిచే గొట్టం తొమ్మిది మైక్రాన్లు, దాని మూతి మీద ధూళి కణం. ఆల్కహాల్‌తో తుడిచాడు. సాయంత్రానికి డిప్ వచ్చింది. ఒక కవల దారిలోనే ఎక్కువసార్లు చచ్చిపోతుంటే జంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నాకు అర్థంకాకపోవడానికి కారణం క్వాంటం సిద్ధాంతం కాదు, తుడవకపోవడం. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు మొదటి వారం తుడవడమే పని. వాళ్లకు నచ్చదు.

పోలరాయిడ్ ముక్కలు ఎక్కడిదాకా వచ్చాయి? రెండే కనిపిస్తున్నాయి. మూడోది ఎవరి దగ్గరుందో చూడండర్రా, దొరక్కపోతే ఇవాళ్టి తరుగు ఖాతాలో రాసుకుంటాను. (నవ్వులు)

అసలు కష్టం ఇప్పుడొస్తుంది. కంప్యూటర్ అంటే రెండు అంకెలు ఒకదాన్ని ఒకటి మార్చగలగాలి. "అది ఒకటైతే దీన్ని తిప్పు" అనగలగాలి. శంకర్ విలాస్ సెంటర్లో రెండు ఆటోలు ఎదురైతే ఏమవుతుందో మీకు తెలుసు. రెండు టార్చిలైట్ల వెలుగులు ఎదురైతే? ఏమీ కాదు. ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోతాయి. కాంతికి కాంతి తగలదు. ఈ గుణం వల్లే కాంతి మంచి వార్తాహరుడు, దారిలో ఎవరితోనూ గొడవ పెట్టుకోదు. ఈ గుణం వల్లే లెక్కలు చేయడానికి పనికిరాదు. చాలాకాలం అందరూ ఇక్కడే ఆగిపోయారు.

2001లో నిల్, లఫ్లామ్, మిల్‌బర్న్ అనే ముగ్గురు ఒక దారి చెప్పారు. ఫోటాన్లు ఒకదాంతో ఒకటి మాట్లాడకపోతే పోనీ, మనం మధ్యలో కొలుద్దాం అన్నారు. అదనంగా కొన్ని ఫోటాన్లు కలపాలి, సగం అద్దాల గుండా పంపాలి, ఆ అదనపు వాటిని డిటెక్టర్లో పట్టుకోవాలి. డిటెక్టర్లు ఫలానా తీరులో మోగితే, మిగిలిన ఫోటాన్లు ఒకదాన్ని ఒకటి మార్చుకున్నట్టే ఉంటాయి. మోగకపోతే ఆ ప్రయత్నం వృథా. 2003లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ కోవలోనే రెండు ఫోటాన్ల గేటు, అంటే "అది ఒకటైతే దీన్ని తిప్పు" అనే పని చేసే ఏర్పాటు, ఒకటి చేసి చూపించారు. అది తొమ్మిది సార్లలో ఒకసారి పనిచేసేది. తొమ్మిదింట ఎనిమిది సార్లు చెడిపోయే కాలిక్యులేటర్ ఎవరు కొంటారు? కానీ ఒక సుగుణం ఉంది. చాలా పద్ధతుల్లో పనిచేసిందో లేదో డిటెక్టరే చెబుతుంది. కాబట్టి ఒకేసారి పది చోట్ల ప్రయత్నించి, నెగ్గినదాన్ని స్విచ్‌తో మళ్లించి ముందుకు పంపొచ్చు.

అలా మళ్లించాలంటే, నెగ్గిందన్న కబురు వచ్చేదాకా ఫోటాన్ ఆగాలి. ఫోటాన్ ఆగదు. చేయగలిగిందల్లా ఫైబర్ చుట్టలో తిప్పడం. గాజులో కాంతి మైక్రోసెకనుకు 200 మీటర్లు పోతుంది. అంటే ఒక మైక్రోసెకను ఆపాలంటే 200 మీటర్ల ఫైబర్, దాంట్లో తరుగు సుమారు ఒక శాతం. ఒక శాతమేగా అనిపిస్తుంది. ఒక ఫోటాన్ పది మెట్లు దాటాలనుకోండి. చిప్‌లోకి దూరడం ఒక మెట్టు, స్విచ్ ఒకటి, చుట్ట ఒకటి, బయటికి రావడం ఒకటి, ఇలా. ప్రతి మెట్టులో వందకు 95 మిగిలితే, పది మెట్ల తర్వాత 60. బాగానే ఉంది. కానీ పది ఫోటాన్లూ క్షేమంగా చేరితేనే లెక్క చెల్లుతుంది. 60 శాతాన్ని పదిసార్లు గుణించండి. వెయ్యికి ఆరు. నాన్నా, కాటా దగ్గర వెయ్యి టిక్కీలకు ఆరు మిగిలితే ఏం చేస్తారు? ...ఏమీ అనరట. (నవ్వులు)

2020 డిసెంబరులో చైనాలో హెఫెయి నుంచి జియుజాంగ్ అనే ఫోటాన్ల యంత్రం వార్త వచ్చింది, పేపర్లలో మీరూ చూసుంటారు. 76 ఫోటాన్ల దాకా పట్టుకున్నారు. చాలా గొప్ప పని, ఆ బల్ల ఫోటో చూస్తే నాకు ఇప్పటికీ భయమేస్తుంది, అన్ని అద్దాలు. అది చేసిన లెక్కను సూపర్ కంప్యూటర్ కోట్ల ఏళ్లకు గాని చేయలేదన్నారు. ఆ లెక్క పేరు బోసాన్ శాంప్లింగ్, అంటే సగం అద్దాల వల గుండా పోయిన ఫోటాన్లు ఏయే డిటెక్టర్లలో తేలతాయో నమూనాలు తీయడం. 2011లో ఆరన్‌సన్, అర్ఖిపోవ్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. దాంతో మనకు నేరుగా ఒరిగేది పెద్దగా లేదు, అది యంత్రం సత్తా చూసే పరీక్ష మాత్రమే. కానీ తర్వాత జరిగింది చూడండి. 2024లో అమెరికా పరిశోధకులు కొందరు, ఆ రకం ప్రయోగాల ఫలితాలను మామూలు కంప్యూటర్‌తోనే అనుకరించే పద్ధతి ప్రచురించారు. కీలకం ఎక్కడ దొరికింది? తరుగులో! ఆ ప్రయోగాల్లో ఎక్కువ ఫోటాన్లు దారిలోనే పోతాయి. పోయినవాటితోపాటు క్వాంటం గుణమూ పోతుంది. మిగిలినదాంట్లో చాలా భాగం మామూలు లెక్కే. అంటే తరుగు వల్ల యంత్రం నెమ్మదించడమే కాదు, ఒక హద్దు దాటితే అది క్వాంటం యంత్రం అనిపించుకోవడమే కష్టమవుతుంది. నేను చదివిన వ్యాసాల్లో నాకు బాగా నచ్చింది ఇదే, మా పనికి వ్యతిరేకంగా ఉన్నా సరే.

ఇప్పుడందరూ అడిగేది. మన అమరావతికి వస్తుందంటున్నది ఇలాంటిదేనా? కాదు. 2025లో ప్రభుత్వం ప్రకటించినది ఐబీఎం వాళ్లది, 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్. అది సూపర్‌కండక్టర్ జాతి, అంటే గడ్డకట్టే చలిలో ఏ అడ్డూ లేకుండా కరెంటు పారే పదార్థంతో చేసినది. అందులో క్యూబిట్ అంటే చిన్న విద్యుత్ వలయం. దాని శక్తి చాలా తక్కువ కాబట్టి గది వేడికే అల్లాడిపోతుంది, పరమశూన్యానికి, అంటే అంతకు మించి చలి ఉండని హద్దుకు, డిగ్రీలో వందో వంతు దూరం దాకా చల్లబరచాలి. మా 1550 నానోమీటర్ల ఫోటాన్‌కు గది వేడి కంటే ముప్పై రెట్లు ఎక్కువ శక్తి ఉంటుంది. గుంటూరు మే నెల ఎండ కూడా దానికి ఒక లెక్క కాదు. ఇది చూపించి "గది ఉష్ణోగ్రతలో పనిచేసే క్వాంటం కంప్యూటర్" అని కంపెనీలు ప్రకటనలు వేస్తుంటాయి. సగం నిజం. ఒక్క ఫోటాన్‌ను నమ్మకంగా పట్టుకునే మంచి డిటెక్టర్లు సన్నని సూపర్‌కండక్టింగ్ తీగలు, వాటికి మళ్లీ పరమశూన్యానికి రెండు మూడు డిగ్రీల పైన ఉండే చలి కావాలి. చలి తప్పలేదు, కాస్త తగ్గిందంతే.

2025 జనవరిలో కెనడాలోని జనాడు కంపెనీ అరోరా అనే యంత్రం చూపించింది. 35 ఫోటానిక్ చిప్‌లు, 13 కిలోమీటర్ల ఫైబర్, నాలుగు సర్వర్ బీరువాలు. ఇంతా చేస్తే 12 క్యూబిట్లు. వినడానికి నవ్వొస్తుంది గానీ, చిప్‌లను ఫైబర్‌తో కలుపుకుంటూ యంత్రాన్ని ఎంతైనా పెంచవచ్చని చూపించడమే వాళ్ల ఉద్దేశం. వాళ్లు కూడా ఇక ముందున్న పని తరుగు తగ్గించడమే అన్నారు.

చివరగా మన ఊరి లెక్క ఒకటి వేద్దాం. బెజవాడ నుంచి గుంటూరుకు 35 కిలోమీటర్లు ఫైబర్ పరిచామనుకోండి. మంచి ఫైబర్‌లో పదిహేను కిలోమీటర్లకు కాంతి సగమవుతుంది. బెజవాడలో వంద ఫోటాన్లు బయలుదేరితే గుంటూరులో ఇరవై దిగుతాయి. ఫర్వాలేదు, చాలు. హైదరాబాద్ నుంచి బెజవాడకైతే 275 కిలోమీటర్లు. పది లక్షలు బయలుదేరితే మూడు. మీ ఫోన్ నెట్‌లో మధ్యమధ్య ఆంప్లిఫయర్లు పెట్టి కాంతిని పెంచుతారు. మాకు ఆ వీలు లేదు, పెంచడమంటే నకళ్లు తీయడమే కదా. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం కుదరదని 1982లోనే రుజువైంది. అందుకే 2022లో ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్‌కు డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ కలిసి వందకు పైగా కిలోమీటర్లు ఫైబర్ మీద క్వాంటం తాళంచెవి, అంటే సందేశాలను రహస్యంగా ఉంచే సంకేతం, పంపినప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ దూరానికి వందలో ఒకటి మిగలడం కూడా కష్టం.

ఇంక ప్రశ్నలు అడగండి.

(ఒక తండ్రి: మా వాడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ అంటున్నాడు. దీంట్లో ఉద్యోగాలు ఉంటాయా అమ్మా?)

ఉంటాయండీ, కానీ నాలుగేళ్లలో ప్యాకేజీ కావాలంటే ఇటు రావద్దని చెప్పండి. కేంద్రం 2023లో జాతీయ క్వాంటం మిషన్‌కు 6 వేల కోట్లు కేటాయించింది, 2030-31 దాకా. పీహెచ్‌డీ సీట్లు పెరిగాయి. మాకు దొరకనిది సిద్ధాంతాలు తెలిసినవాళ్లు కాదు, ఓర్పుగా చేత్తో పనిచేసేవాళ్లు. ఫైబర్ అతికించగలిగినవాళ్లు, వేగంగా మారే ఎలక్ట్రానిక్స్ తయారుచేయగలిగినవాళ్లు, వాక్యూమ్ పంపు విప్పి బిగించగలిగినవాళ్లు. మీ వాడు ఇంట్లో మిక్సీ విప్పుతుంటే తిట్టకండి.

(ఒక విద్యార్థిని: మేడం, పోయిన ఫోటాన్ ఎక్కడికి పోతుంది?)

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారనే చూస్తున్నానమ్మా. గాజు బయటికి నున్నగా కనిపిస్తుంది గానీ, కరిగినది గడ్డకట్టేటప్పుడు లోపల అణువులు ఒకచోట కాస్త దట్టంగా, ఒకచోట కాస్త పలచగా నిలిచిపోతాయి. ఆ ఎగుడుదిగుళ్లకు తగిలి ఫోటాన్ పక్కకు చెదిరిపోతుంది. ఆకాశం నీలంగా ఉండటానికి కారణం ఏ చెదరడమో ఇదీ అదే. నీలం ఎక్కువ చెదురుతుంది, ఎరుపు తక్కువ, 1550 నానోమీటర్ల పరారుణం అయితే నీలం కంటే వంద రెట్లకు పైగా తక్కువ. అందుకే ఆ రంగు ఎంచుకున్నాం. ఇంకా పొడవాటి తరంగాలకు వెళ్దామంటే, అక్కడ గాజే కాంతిని మింగడం మొదలుపెడుతుంది. రెండింటి మధ్య దొరికిన లోయ అది. కాబట్టి మీరడిగిన ఫోటాన్ ఎక్కువసార్లు ఫైబర్ గోడలోంచి బయటికొచ్చి, పైనున్న ప్లాస్టిక్ పూతలో ఇంకి వేడిగా మారుతుంది. మంగళగిరి దగ్గరెక్కడో, భూమిలో, ఆ నల్ల పైపు లోపల.

ఆ మూడో పోలరాయిడ్ ముక్క దొరికిందా?